సున్నుండల షెడ్డులో గైడెన్స్ పురాణం

ఇది ఒక మహాగాథ. ఇందులో ఒక సామ్రాజ్యం ఒక కూటమితో తెగతెంపులు చేసుకుంటుంది. సముద్రం మీద కొత్త గీతలు పడతాయి. జనం మూటాముల్లె సర్దుకుని స్వదేశాలకు తరలిపోతారు. చివరికి ఒక వీరుడు ఒంటరిగా ప్రభుత్వానికి ఎదురు నిలుస్తాడు.

అలా మొదలుపెట్టాను గానీ, చెప్పబోయేది అంత గొప్పదేమీ కాదు. హౌన్స్‌లోలో లండన్ విమానాలు దిగే దారి కింద, ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని సున్నుండలు చేయించిన ఒక అంకుల్ గురించి. సామ్రాజ్యం, కూటమి, సముద్రం ఇందులో ఉన్న మాట నిజమే. కానీ అవన్నీ ఆయన దాకా వచ్చేసరికి ఏ-ఫోర్ కాగితాలైపోయేవి.

మొన్న బ్రాక్‌నెల్‌లో ఉద్యోగంలో చేరాను. మొదటిరోజు ఇచ్చిన లాప్‌టాప్ తెరవగానే క్యాలెండర్ ఒక ప్రశ్న వేసింది. మీ వారం ఏ రోజుతో మొదలవ్వాలి? కింద ఏడు రోజులూ వరసగా పెట్టి, నీ ఇష్టం అన్నట్టు ఊరుకుంది. పక్క సీటతను వెళ్ళి కాఫీ కలుపుకుని తిరిగొచ్చేదాకా నేను అక్కడే ఉన్నాను. ఏమైనా ఇబ్బందా అని అడిగాడు. ఆలోచిస్తున్నానన్నాను. వారం మొదలవడం గురించి ఇంత ఆలోచించేవాణ్ణి ఎవరు తీసుకున్నారా అన్నట్టు ఒక చూపు చూసి తన పనిలో పడ్డాడు.

అంకుల్ అయితే ఆలోచించేవారు కాదు. గురువారం నొక్కేసేవారు.

ఆయనది కోనసీమ. ఇక్కడికి ఎప్పుడొచ్చారు, అంతకుముందు ఏం చేసేవారు అని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే చెబుతారని భయం. నాకు తెలిసిన మనిషి ఏప్రన్ కట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, మినప్పిండిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇంకొక్క తిప్పు తిప్పండి" అని గ్రైండర్‌తో కూడా మర్యాదగా మాట్లాడే మనిషి. అందరినీ అండీ అనేవారు. గవర్నమెంటు నుంచి వచ్చిన గోధుమరంగు కవరుని మాత్రం ఇంకా గౌరవంగా చూసేవారు. దాన్ని కూర్చుని విప్పేవారు కాదు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, లేచి నిలబడి విప్పేవారు. అందులో చాలాసార్లు చెత్తబుట్టల రంగు మార్పు గురించి ఉండేది.

రూల్స్ అంటే ఆయనకున్నది భక్తి కాదు, వణుకు. "మనలాంటి చిన్నోళ్ళకి తప్పు చేసే స్తోమత లేదు బాబూ" అనేవారు. "పెద్ద కంపెనీ తప్పు చేత్తే లాయరు వత్తాడు. మనం చేత్తే తాళం వత్తుంది."

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి గురువారం పొద్దున పని మొదలయ్యే ముందు, ప్రభుత్వం వెబ్‌సైటులో ఆ వారం మారిన కాగితాలన్నీ ప్రింటు తీసి, ఖాళీ స్వీట్ల డబ్బాలో పెట్టుకుని వచ్చి, బల్ల చివర నిలబడి చదివేవారు. మేము బల్లకి రెండు వైపులా నిలబడి సున్నుండలు చుట్టేవాళ్ళం. ఒక వాక్యం ఇంగ్లీషులో చదవడం, ఆగడం, తెలుగులో అర్థం చెప్పడం, ఆపైన స్వంత వ్యాఖ్యానం. సెలవుల జీతం ఎలా లెక్కకట్టాలి, పనిలో ఎన్ని గంటలకొకసారి విరామం ఇవ్వాలి, డబ్బా మీద ఏ పదార్థం పేరు లావు అక్షరాల్లో వెయ్యాలి. నెత్తి మీద విమానం వెళితే చూపుడువేలు పైకెత్తి ఆగేవారు. చప్పుడు తగ్గాక వేలు దించి, ఆగిన మాట దగ్గర్నుంచే మళ్ళీ ఎత్తుకునేవారు. హౌన్స్‌లోలో రెండు నిమిషాలకొక విమానం. పావుగంట పురాణం ముప్పావుగంట సాగేది.

మేమంటే నలుగురు స్టూడెంట్లం, మాస్టర్స్ చదవడానికి వచ్చినవాళ్ళం. నా పక్కన నవీన్, మాది కరీంనగర్, వాడిది మా పక్క ఊరు. ఆయన లక్ష్మివారం అంటే మేం బేస్తవారం అనేవాళ్ళం. "రెండూ ఒకటేనా, కనుక్కుని చెప్పండి, డ్యూటీల రోటాలో రాయాలి" అనేవారు ఆయన, నవ్వకుండా.

మాకు ముందు అక్కడ ఎలెనా ఉండేది. రొమేనియా ఆవిడ. నేను చేరాక మూడు నెలలే ఉంది గానీ, ఆ మూడు నెలలూ ఆవిడ పక్కన నిలబడి చుట్టినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. తూకం లేకుండా వంద సున్నుండలు చుడితే వందా ఒకే బరువు. నావి వరసగా పెడితే సౌరకుటుంబంలా ఉండేవి. ఎలెనాకి తెలుగులో వచ్చిన మాట ఒక్కటే. ఆయ్. పురాణం వింటూ అంకుల్ ఊపిరి తీసుకున్న చోటల్లా ఆయ్ అనేది. నెయ్యి వేడెక్కిందా అంటే ఆయ్. ఇంటికెళ్ళిపోతావా అంటే కూడా, ఒకరోజు, ఆయ్ అంది.

ఆవిడ చెల్లెలు వచ్చి అదే బల్ల దగ్గర చేరాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. మునుపైతే బస్సెక్కి వచ్చేసేది. ఈ దేశం యూరప్ కూటమి నుంచి బయటికొచ్చాక వీసా కావాలి. వీసాకి స్పాన్సరు, స్పాన్సరుకి లైసెన్సు. సున్నుండలు చుట్టే పనికి ఆ వీసా ఇవ్వరు. అంకుల్ ఆ కాగితం కూడా చదివారు. చదువుతుంటే ఎలెనా ఆయ్ అనలేదు. చెల్లెలు రాలేదు కాబట్టి అక్కే వెళ్ళిపోయింది.

యూరప్ ఆర్డర్లు అంతకుముందే పోయాయి. డబ్లిన్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో తెలుగువాళ్ళకి వారానికి ఇన్ని డబ్బాలని పంపేవారట. సున్నుండలో నెయ్యి ఉంటుంది, నెయ్యి పశువు నుంచి వస్తుంది, కాబట్టి సున్నుండ పశుసంబంధమైన సరుకు. ఇప్పుడది సముద్రం దాటాలంటే పశువైద్యుడు సంతకం పెట్టాలి. ఆ వైద్యుణ్ణి పిలిపించిన రోజు కథ అంకుల్ మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు.

"ఏ జంతువు అన్నాడండి. ఆవండీ అన్నాను. ఏ దేశం ఆవు అన్నాడండి. డబ్బా తిప్పి చూశాను. ఆవు బొమ్మ ఉంది, అడ్రస్ లేదు."

"మరి ఆయనేమన్నడు అంకుల్?"

"ఆరు సున్నుండలు తిన్నాడండి. తిని, చాలా బాగున్నాయి, పంపడానికి వీల్లేదన్నాడు."

తర్వాత ఒకసారి నూనెతో చేయించి చూశారట. చట్టప్రకారం దానికి ఏ అడ్డూ లేదు. ఒకటి నోట్లో వేసుకుని, "ఇది యూరప్ వెళ్ళచ్చు గానీ, సున్నుండ మాత్రం కాదండి" అని మొత్తం తీసి పారబోయించారు.

అలా యూరప్ పోయి, ఎలెనా పోయి, లండన్ చుట్టుపక్కల పండగ ఆర్డర్లూ మేమూ మిగిలాం. స్టూడెంటు వీసా మీద ఉన్నవాడు క్లాసులు నడిచేటప్పుడు వారానికి ఇరవై గంటలకి మించి పనిచేయకూడదు. అందువల్ల ఆయన లెక్కలో నలుగురం కలిస్తే ఇద్దరం. పనితనంలో చూస్తే సగం ఎలెనా. ఈ ఇరవై గంటల దగ్గర అంకుల్ పట్టిన పట్టు అంతా ఇంతా కాదు. గడియారం చూసి, చేతిలో ఉన్న సున్నుండని అలాగే కింద పెట్టించి బయటికి పంపేసేవారు. "సగం చుట్టింది అంకుల్" అంటే, "మిగతా సగం వచ్చే వారం చుట్టండి" అనేవారు.

ఆయన వారం గురువారం మొదలయ్యేది. షెడ్డులో మొదటిసారి పొయ్యి వెలిగించింది గురువారం. సరుకు వచ్చేది, జీతం స్లిప్పు ఇచ్చేది, రోటా గోడకి అంటించేది గురువారం. గురువారం నుంచి బుధవారం దాకా ఒక వారం, అందులో ఇరవై గంటలు. ఇందులో తప్పేముందని ఆయనకి గానీ మాకు గానీ ఎన్నడూ తోచలేదు.

దీపావళి అయిన మూడో వారం అది. స్టూడెంట్ల పని గురించిన కాగితం కొత్తది వచ్చింది. పాతదాన్ని ఆయన అప్పటికి ఆరేడుసార్లు చదివి వినిపించారు. చివరి పేజీ మాత్రం ఎప్పుడూ చదివేవారు కాదు. అక్కడ మాటలకి నిర్వచనాలుంటాయి. ఏ మాటంటే ఏమిటో అని. అవి ఫలశ్రుతి లాంటివని ఆయన ఉద్దేశం. కథ అయిపోయాక వచ్చేవి, వినకపోయినా నష్టం లేనివి.

బయట వాన. డెలివరీ వ్యాన్ రావడానికి ఇంకా టైముంది. డబ్బాలు కడిగే పని నా వంతు కాబట్టి, అది ఎంత ఆలస్యమైతే అంత మంచిదనిపించింది.

"ఫలశ్రుతి కూడ చదువుండ్రి అంకుల్" అన్నాను. "గింతసేపు విన్నం, పుణ్యం ఎందుకు వదులుకోవాలె."

నవీన్ నవ్వాడు. అంకుల్ కూడా నవ్వి, పేజీ తిప్పి, కళ్ళజోడు దించుకున్నారు. "టర్మ్ టైమ్ అంటే..." చదివారు. "వర్క్ అంటే..." చదివారు. "వీక్ అంటే, సోమవారంతో మొదలయ్యే ఏడు రోజులండి" అని చూపుడువేలు పైకెత్తారు.

మేమంతా విమానం కోసం ఆగాం. విమానం రాలేదు. వేలు అలాగే ఉంది.

తర్వాత ఆయన చేతులు కడుక్కున్నారు. తుడుచుకున్నారు. రోటాల ఫైలు తీసి నిలబడే విప్పారు. గ్రైండర్‌ని కూడా మర్యాదగా అడక్కుండా ఆయన స్విచ్చి నొక్కి ఆపేసేదాకా మాలో ఎవరికీ ఏం జరిగిందో అర్థం కాలేదు. మిగతా ముగ్గురివీ సోమవారం లెక్కన చూసినా ఇరవై లోపే ఉన్నాయి. నా కాగితం దగ్గర ఆగారు. దీపావళి వారం. పండగ ముందు సోమ, మంగళ, బుధ కలిపి పన్నెండు గంటలు. అవి ఆయన పాత వారంలోకి పోయాయి. గురువారం నుంచి ఆదివారం దాకా పద్నాలుగు. అవి కొత్త వారంలోకి వచ్చాయి. ఆయన రెండు వారాల్లోనూ నేను సరిగ్గా ఇరవై. ప్రభుత్వం వారంలో ఇరవయ్యారు.

ఆ పద్నాలుగు గంటలూ అడిగి మరీ వేయించుకున్నది నేనే.

"ఆరు గంటలండి" అన్నారు. నన్ను గోధుమరంగు కవరుని చూసినంత గౌరవంగా చూస్తే విషయం ముదిరిందని అర్థం.

ఆరు గంటలంటే పెద్దేం కాదు. ఒక సినిమా రెండుసార్లు చూసినంత. అందులో ఒక గంట నేను సున్నుండలు తింటూ ఉండి ఉంటాను. కానీ ఇరవై దాటితే వీసా షరతు తప్పినట్టే. నా కోర్సు జనవరిలో అయిపోతుంది. ఆపైన ఇక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కునే వీసాకి అప్లై చేయాలి. ఈ ఆరు గంటలు బయటపడితే అది రాకపోవచ్చు, ఉన్నది కూడా పోవచ్చు. ఆయనకైతే జరిమానా, ఆ వెనకే తాళం. నాకు నవ్వొచ్చింది. భయమేస్తే నాకు అదే వస్తుంది.

"కొత్త రోటా ప్రింటు తీద్దం అంకుల్. అయిదు నిమిషాల పని. ఆరు గంటలు బుధవారం నుంచి తీసి అవతల పడేస్తే అయిపాయె."

ఆయన ఫైలు మూసేశారు. "తప్పు ఒకటే అయ్యింది బాబూ. రెండోది చేత్తే అలవాటవుద్ది."

"మరేం చేద్దమంటరు?"

"రాత్తాను. తప్పు నాది, కుర్రాడికి తెలీదు అని వీసా ఆఫీసుకి ఉత్తరం రాత్తాను."

"మీరు రాస్తే నేను పోత అంకుల్."

"రాయకపోతే నేను పోయేలా ఉన్నానయ్యా."

అప్పట్నుంచి అదొక తంతు అయింది. ప్రతి గురువారం పురాణం ముగించి, కాగితాలు డబ్బాలో పెట్టి, నా దగ్గరికొచ్చి చిన్నగా అడిగేవారు. "ఏవయ్యా, రాసేయమంటావా?" నేను వద్దనేవాణ్ణి. సరే అని వెళ్ళిపోయేవారు. రోటాని సోమవారానికి మార్చారు. నా గంటలు పన్నెండుకి తగ్గించారు, ఆరు అప్పు తీరుస్తున్నట్టు. ఆదివారం షెడ్డు మూసేయడం మొదలుపెట్టారు. తాళం తీసి లోపలికొచ్చే ముందు, ఎవరైనా వచ్చి వెళ్ళారేమోనని తలుపు సందులు చూసేవారు. ఇన్‌స్పెక్టరు వస్తే కూర్చోవడానికని మంచి కుర్చీ ఒకటి విడిగా పెట్టి, రోజూ తుడిచి, దాని మీద ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు. మేం మినప్పప్పు బస్తాల మీద కూర్చునేవాళ్ళం.

నేను మాత్రం తక్కువ తిన్నానా. మా ఇంట్లో ఆరుగురం అద్దెకుండేవాళ్ళం. పదింటికి ముందు లేవడం నా ఒంటికి పడని విషయం. అలాంటిది తలుపు కింద ఉత్తరాలు పడే చప్పుడుకి అందరికంటే ముందు నేనే ఉండేవాణ్ణి. ఒకరోజు కౌన్సిల్ నుంచి గోధుమరంగు కవరొకటి వచ్చింది. నా చేతులు వాటంతటవే కుళాయి దగ్గరికెళ్ళాయి. కడుక్కున్నాక గమనించాను, ఆ కవరు మీద పేరు నాకు ముందు ఆ గదిలో ఉండి వెళ్ళిపోయినవాడిది. ఓటరుగా నమోదు చేసుకోమని.

"నువ్వు కూడ అంకుల్ లెక్కనే అయితున్నవ్ రా" అన్నాడు నవీన్, వెనక నుంచి.

జనవరిలో ఒక గురువారం ఆయన వచ్చి అడగలేదు. పురాణం అయింది, డబ్బా మూశారు, నన్ను దాటుకుని గ్రైండర్ దగ్గరికి వెళ్ళారు.

"రాసిన్రా అంకుల్?"

ఆయన స్విచ్చి మీద చెయ్యి వేసి అటు తిరిగే నిలబడ్డారు. "నిన్న పోస్టులో వేశాను. నీ పేరు రాయలేదయ్యా. మీవోళ్ళ కాగితాలన్నిట్లోనూ పేర్లు కొట్టేసి, ఏడాది రోటాలన్నీ జత చేశాను. కాకపోతే ఎవరని అడిగితే..."

"అడిగితే?"

"చెప్పాలి కదండీ మరి."

మూడు వారాలు నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. పని మానేద్దామనుకున్నాను. ఇంకోచోట పని వెతుక్కునే లోపే అప్లికేషను పెట్టాల్సిన రోజు వచ్చింది. పెట్టాను. పెట్టి, ఇక జోకులు కూడా తగ్గించాను. నవీన్ వచ్చి జ్వరం చూశాడు.

వీసా ఒక మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. నాలుగు లైన్ల ఈమెయిలు. నేను షెడ్డుకి పరిగెత్తాను. అంకుల్ చదవమన్నారు. నిలబడి విన్నారు. నా తల మీద చెయ్యి పెట్టారు, దానికి మినప్పిండి ఉంది. ఒక నిమిషం ఆయన ముఖం తేటగా అయింది. తర్వాత నెమ్మదిగా మళ్ళీ ముడుచుకుంది.

"అయితే వాళ్ళింకా ఉత్తరం చదవలేదన్నమాట" అన్నారు.

ఎవరూ రాలేదు. ఫోనూ రాలేదు. కుర్చీ మీద దుమ్ము పడనివ్వలేదు ఆయన. మార్చి చివర షెడ్డు లీజు అయిపోతే మళ్ళీ రాయించుకోలేదు. ఎందుకని అడిగితే ఒక్కోసారి ఒక్కో కారణం చెప్పారు. యూరప్ లేదన్నారు. ఎలెనా లాంటి మనిషి దొరకదన్నారు. ఇరవై గంటల కుర్రాళ్ళతో పండగ ఆర్డర్లు లాగలేనన్నారు. అన్నీ నిజమే. ఒకసారి మాత్రం, "ఎప్పుడొత్తారో తెలియకుండా పొయ్యి వెలిగించడం కట్టంగా ఉందయ్యా" అన్నారు. షెఫీల్డ్‌లో ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు, షెడ్డుకి వచ్చే ఉత్తరాలు అక్కడికి పంపేలా పోస్టాఫీసులో ఫారం నింపారు. ఆఫీసు నుంచి జవాబొస్తే తప్పిపోకూడదట.

ఆఖరిరోజు సామాను ఎక్కించడానికి నేను, నవీన్ వెళ్ళాం. నవీన్ బయట వ్యానులో డబ్బాలు సర్దుతున్నాడు. అంకుల్ తాళాలు అప్పజెప్పడానికి షెడ్డులు అద్దెకిచ్చే ఎస్టేటు ఆఫీసుకి వెళ్ళారు. తలుపు వెనక పడిన కాగితాలు ఏరుతుంటే పిజ్జా కరపత్రాల మధ్య ఒక కవరు దొరికింది. తెల్లది, ఉబ్బి ఉంది, మూలలు నలిగిపోయాయి. ముందు ప్రభుత్వ ఆఫీసు చిరునామా, వెనక షెడ్డు చిరునామా. రెండూ ఆయన గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి. ఎవరూ విప్పకుండానే తిరిగొచ్చింది. ముందు భాగం మీద ఒక పసుపు చీటీ అంటించి ఉంది.

అడుగుల చప్పుడైతే దాన్ని నా కోటు లోపల పెట్టుకున్నాను.

"ఏవైనా ఉత్తరాలున్నాయా?" అన్నారు అంకుల్, గుమ్మంలో నిలబడి.

"లేవంకుల్. పిజ్జా కాగితాలు."

ఆయన తలూపారు. "చదువుతున్నారేమో. ఏడాది రోటాలు కదా, టైము పడుద్ది."

ఆ కవరు ఇప్పటికీ నా దగ్గరుంది. ఆయనకి చెప్పాలా వద్దా అని ఫోను చేసిన ప్రతిసారీ అనుకుంటాను. చెబితే మళ్ళీ పోస్టు చేస్తారు, ఈసారి సరిగ్గా. చెప్పకపోతే ఇంకా ఎదురుచూస్తారు. పసుపు చీటీలో ఉన్నది మాత్రం అందరికీ పనికొచ్చే విషయం. ఈ దేశంలో ఉత్తరం మందం అయిదు మిల్లీమీటర్లు దాటితే మామూలు స్టాంపు సరిపోదు. పెద్ద ఉత్తరం స్టాంపు అంటించాలి.